మంచం ఇస్తారు, దుప్పట్లు మాత్రం మనమే మార్చాలి

రజాయికి గలీబు తొడగడంలో ఒక కిటుకుంది. ముందు గలీబుని తిరగేసి, రెండు చేతులూ లోపలికి పోనిచ్చి చివరి మూలలు పట్టుకోవాలి. అలా పట్టుకునే రజాయి మూలలు కూడా అందుకుని గట్టిగా ఒక్క దులుపు దులిపితే మొత్తం జారి సర్దుకుంటుంది. నాకిది నేర్పింది అస్సాం అమ్మాయి. తను వచ్చి అప్పటికి నాలుగు రోజులు, నేను వచ్చి నాలుగు గంటలు. హాస్టల్లో పదకొండింటికి పాతవాళ్లు గదులు ఖాళీ చేస్తారు, ఒంటిగంటకి కొత్తవాళ్లు దిగుతారు. ఆ రెండు గంటల్లో 14 మంచాలు మార్చాలి. పేర్లు కూడా సరిగ్గా చెప్పుకోకుండానే మొదటి ఆరు మంచాలు అయిపోయాయి.

పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, కొత్తది చూసుకునేలోపు మూడు చోట్ల ఇలా ఉన్నాను. ఉండటానికి చోటు, తినడానికి తిండి వాళ్లిస్తారు. రోజుకి కొన్ని గంటలు పని మనం చేసిపెడతాం. చేతికి డబ్బు రాదు, చేతి నుంచి పోదు. తెనాలిలో ఈ సంగతి చెప్తే అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "తిండి పెట్టి పని చేయించుకుంటే దాన్ని పాలేరుతనం అంటారే. మీ తాతయ్య దగ్గరున్నవాడికి ఏడాదికిన్ని బస్తాలని ధాన్యం కూడా కొలిచేవాళ్లం. నీకు అదీ లేదు" అంది. అమ్మ బాధ వేరు. నేను మొదట వెళ్లిన ఊరు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది, పేరు బీర్. "మా అమ్మాయి నెల రోజులుగా బీర్‌లో ఉంది" అని పక్కింటావిడతో ఎలా చెప్పను అని, ధర్మశాల అని చెప్పుకుంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కొపార్డ్ అనే ఆవిడ, శని ఆదివారాల్లో పల్లెకి వెళ్లి సేంద్రియ పొలంలో పనిచేసి రావడం మొదలుపెట్టింది. అదే పెరిగి పెద్దదై వూఫ్ అయింది. పొలాలకి వూఫ్, హాస్టళ్లకీ ఇళ్లకీ వర్క్‌అవే లాంటి వెబ్‌సైట్లు ఉన్నాయి. ఏడాదికి కొంత సభ్యత్వం కడితే ఎక్కడెవరికి మనుషులు కావాలో చూడొచ్చు. రోజుకి ఐదు గంటలు, వారానికి ఐదు రోజులు అన్నది మామూలుగా అందరూ అనుకునే లెక్క. మనదేశంలో హాస్టళ్లు చాలావరకు ఇన్‌స్టాగ్రామ్‌లోనే పిలుస్తాయి. నేను బీర్ వెళ్లింది అలాంటి ఒక పోస్టు చూసే.

విజయవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడ మజ్నూ కా టిలాలో రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి బీర్. ఊరు మాత్రం బాగుంటుంది. పైన బిల్లింగ్ నుంచి పారాగ్లైడర్లు గాల్లోకి లేస్తాయి, దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. కింద చౌగాన్ మైదానంలో దిగుతాయి. సాయంత్రం ఆ గట్టు మీద కూర్చుని రంగుల గొడుగులు ఒక్కొక్కటీ వాలడం చూడ్డానికి పైసా ఖర్చు లేదు. టిబెటన్ కాలనీలో తుక్పా బాగుంటుంది, వేడి వేడి నూడుల్స్ సూపు. దగ్గర్లో బైజ్‌నాథ్ ఉంది, 1204 నాటి శివాలయం. రావణుడు శివభక్తుడని ఆ ఊళ్లో దసరాకి రావణ దహనం చేయరు. డబ్బు కట్టి రెండు మూడు రోజులు ఉండిరండి, నిక్షేపంలా ఉంటుంది.

పని మార్పిడి మీద నేనున్న చోటు సంగతి వేరు. పేరు చెప్పను. ఫోన్లో అనుకున్నది ఐదు గంటలు, వారంలో ఒక రోజు సెలవు. మొదటి వారం అలాగే నడిచింది. రెండో వారంలో రిసెప్షన్ ఫోన్ రాత్రిపూట నా దిండు పక్కకి చేరింది. "నువ్వెలాగూ ఇక్కడే పడుకుంటావుగా" అన్నారు. ఢిల్లీ బస్సు దిగినవాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకి తలుపు కొడితే లేచి తీయడం, గీజర్ పనిచేయకపోతే పక్క గదిలోంచి వేడినీళ్లు మోయడం, రాత్రి మంట చుట్టూ కూర్చునే కార్యక్రమంలో అతిథులతో నవ్వుతూ కనబడటం అన్నీ పనిలోకే వచ్చాయి. కానీ ఏదీ గంటల్లోకి రాలేదు. ఒకరోజు కూర్చుని లెక్కేశాను. అక్కడ డార్మ్‌లో, అంటే అందరూ కలిసి పడుకునే గదిలో, మంచం ఐదు వందలు, రెండు పూటల తిండి రెండు వందలు అనుకుందాం. ఏడు వందలకి ఐదు గంటలంటే గంటకి 140. నేను చేస్తున్నది తొమ్మిది గంటలు. అంటే గంటకి 78 కూడా రావట్లేదు. అమ్మమ్మ ధాన్యం బస్తాలు గుర్తొచ్చాయి.

ఆడవాళ్ల డార్మ్ గడియ ఊడిపోయి ఉంది. మూడు రోజులు అడిగాం. మూడో రాత్రి అస్సాం అమ్మాయి తన చున్నీ తీసి హ్యాండిల్‌కీ మంచం కోడుకీ కలిపి కట్టేసి పడుకుంది. నాలుగోరోజు గడియ వచ్చింది, అది కూడా డబ్బు కట్టిన ఒకావిడ గొడవ చేస్తే.

అన్నిటికంటే నాకు గుచ్చుకున్నది ఇంకొకటి. వంట బిహార్ కుర్రాడు చేసేవాడు. నెల జీతం, స్టోర్ రూంలో బియ్యం బస్తాల పక్కన పడక. అతనికింద ఇంకో కుర్రాడు ఉండేవాడట, కూరలు తరగడానికి, అంట్లు తోమడానికి. మేం ముగ్గురం దిగాక వాడి అవసరం తీరిపోయింది. ఈ మాట ఆ వంట కుర్రాడు కోపంగా ఏం చెప్పలేదు, బంగాళాదుంపలు చెక్కుతూ మామూలుగా చెప్పాడు. నేను సరదాకి చెక్కుతున్న దుంపలు ఎవరివో అప్పుడు తెలిసింది. తర్వాత ఎక్కడికెళ్లినా నేను వేసే మొదటి ప్రశ్న, ఇంతకుముందు ఈ పని ఎవరు చేసేవారు అని.

వర్షాలకని జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అక్కడ పారాగ్లైడింగ్ ఆపేస్తారు. 13న రాత్రి వాట్సాప్‌లో మెసేజ్: సీజన్ అయిపోయింది, ఎల్లుండికల్లా సర్దుకోండి. 26 రాత్రులకి అదీ వీడ్కోలు.

అలాగని ఆ 26 రాత్రులూ వృథా అనను. అస్సాం అమ్మాయి బెంగళూరులో నర్సు, రెండు నెలలు సెలవు మీద వచ్చింది. మూడోవాడు కోళికోడ్ కుర్రాడు, గిటారు ఉంది గానీ వాయించడం రాదు. రాత్రి పదిన్నరకి చన్నీళ్లతో అంట్లు తోమేటప్పుడు ఒకరు తోముతుంటే ఒకరు తొలిచేవాళ్లం, ఇంకొకరు తుడిచేవాళ్లు. వేళ్లు కొంకర్లు పోతుంటే వంతులు మార్చుకునేవాళ్లం. ఎవరి ఇంట్లో ఏం గొడవలున్నాయో అన్నీ అక్కడే బయటికొచ్చాయి. నేను తెచ్చుకున్న కందిపొడి డబ్బా నెల వస్తుందనుకుంటే తొమ్మిదో రోజుకి అడుగు కనబడింది. అతిథులతో కూడా స్నేహాలయ్యాయి, నంబర్లు తీసుకున్నాం. వాళ్లలో ఇప్పుడు ఒక్కరితోనూ మాటల్లేవు.

అక్కడినుంచి నేనూ, అస్సాం నర్సమ్మా కలిసే వెళ్లాం. సిమ్లా, నార్కండా దాటి థానేదార్. యాపిల్ తోటలు. వెళ్లకముందే ఫోన్ చేసి గంటలు, సెలవు, గది, గడియ అన్నీ అడిగాను. అవతల ఇంటావిడ ఓపిగ్గా విని, "అన్నీ ఉన్నాయి బేటీ, యాపిల్స్ కూడా ఉన్నాయి" అంది. ఆవిడని మేం భాభీ అనేవాళ్లం.

యాపిల్ కోయడం చూసినంత తేలిక కాదు. పండుని అరచేతిలోకి తీసుకుని కొంచెం పైకెత్తి మెలిపెట్టాలి, లాగకూడదు. లాగితే తొడిమ ఊడి చెట్టుకే ఉండిపోతుంది. తొడిమ లేని పండుకి మండీలో ధర పడిపోతుంది. మొదటిరోజు నేను కోసినవాటిల్లో ముప్ఫై దాకా తొడిమలు లేనివే. భాభీ తిట్టలేదు. అన్నీ ఏరి పక్కన పెట్టి, రాత్రి వాటితో చట్నీ చేసి, "ఇది నీ కోత" అని నా పళ్లెంలోనే ముందు వడ్డించింది. రెండోరోజు ఆరుకి తగ్గాయి.

పొద్దున్న ఏడు నుంచి పన్నెండు దాకా పని. కోసినవి కిల్టాలో వేస్తారు, వీపుకి తగిలించుకునే పొడవాటి బుట్ట. తర్వాత షెడ్డులో సైజులవారీగా వేరుచేసి పెట్టెల్లో సర్దాలి. అన్నిటికంటే చిన్న రకాన్ని పిట్టూ అంటారు. నేను ఐదడుగులు కూడా లేను కాబట్టి వారం తిరిగేసరికి నా పేరు కూడా పిట్టూ అయిపోయింది. నిండిన పెట్టెలు కొండ వాలు మీదుగా రోడ్డుదాకా మోసేది నేపాలీ కూలీలు. ఒకసారి ఉత్సాహం కొద్దీ నేనొకటి ఎత్తుకోబోతే భాభీ భర్త వద్దన్నారు. "అది వాళ్ల కూలి. పెట్టెకింత అని ఇస్తాం. నువ్వు మోస్తే వాళ్లకి ఒకటి తగ్గుతుంది." బీర్‌లో మాయమైన ఆ కుర్రాడి సంగతి నేను ఆయనకి చెప్పనే లేదు. ఆయనకి ఇది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సాయంత్రం పూట వాళ్ల ముసలాయన దగ్గర కూర్చునేవాళ్లం. సామ్యూల్ స్టోక్స్ కథ ఆయన చెప్పిందే. ఫిలడెల్ఫియాలో కలిగిన ఇంట్లో పుట్టి, 1904లో సిమ్లా కొండల్లో సుబాథూ కుష్ఠురోగుల ఆశ్రమంలో సేవ చేయడానికి వచ్చాడు. ఇక్కడే స్థిరపడిపోయాడు. ఈ ప్రాంతపు అమ్మాయినే పెళ్లి చేసుకుని, 1916 ప్రాంతంలో అమెరికా నుంచి డెలిషియస్ రకం యాపిల్ మొక్కలు తెప్పించి ఇక్కడ నాటాడు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లాడు, తర్వాత సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. "మీలాంటివాడే, పని చేస్తా, ఉండనివ్వండి అని వచ్చినవాడే" అని ముసలాయన నవ్వేవాడు. ఎదురుగా కొండ మొత్తం వడగళ్ల వలలు తెల్లగా కప్పి ఉండేవి, వాటికింద స్టోక్స్ తెచ్చిన మొక్కల సంతానం.

ఆగస్టులో కొండచరియ పడి మూడు రోజులు రోడ్డు మూసేశారు. లారీలు రావు, కోసిన పండు ఆగదు. రోడ్డు తెరిచిన రోజు పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి రాత్రి పదిన్నర దాకా అందరం షెడ్డులోనే ఉన్నాం. ముసలాయన కూడా స్టూలు వేసుకుని పెట్టెల మీద స్టాంపులు కొట్టాడు. గంటలు లెక్కపెట్టిన నేను ఆరోజు ఫోన్ తీసి టైమే చూడలేదు. మర్నాడు మమ్మల్ని లేపలేదు. లేచేసరికి పొయ్యి మీద సిడ్డూ ఉడుకుతోంది, పులియబెట్టిన గోధుమపిండిలో గసగసాలూ అక్రోటూ కూరి ఆవిరి మీద వండేది. పైన నెయ్యి. ఇంటిల్లిపాదీ వంటింట్లో చాపల మీద కూర్చునే తినేవాళ్లం, మాకొక పంక్తి, వాళ్లకొక పంక్తి లేదు. బీర్‌లో యజమాని ఏం తింటాడో 26 రోజుల్లో నేను చూడలేదు.

నేను అక్కడ పులిహోర చేశాను. మామిడికాయ దొరకదు కదా, రాలిపడిన పచ్చి యాపిల్స్ పుల్లగా ఉంటే తురిమి మామిడికాయ పులిహోర లాగే కలిపాను. తినొచ్చు. రెండోసారి వాళ్లే అడిగారు.

మూడోది నవంబర్‌లో, పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్ అనే ఊరి పక్కన అడవి పెంచే ఒక చోటు. దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1968లో ఆరోవిల్ మొదలైనప్పుడు అక్కడంతా కోసుకుపోయిన ఎర్రమట్టి నేల. కట్టలు వేసి, వాన నీళ్లు నిలబెట్టి, చెట్లు పెంచారు. ఈశాన్య రుతుపవనాల్లోనే మొక్కలు నాటాలి కాబట్టి గుంటలు తవ్వడమే నా పని. మంచం ఉచితం, తిండికి మాత్రం రోజుకింతని కట్టాలి; ఆ మాట వాళ్లు ముందే చెప్పారు. నీళ్లు పోయని మరుగుదొడ్లు, పైన రంపపు పొట్టు చల్లాలి, రెండు రోజుల్లో అలవాటవుతుంది. దోమలు అలవాటు కావు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఎక్కువ, 20 రోజులకి వెళ్లిన నాకు ఎవరూ దగ్గరవలేదు. నెలో రెండు నెలలో ఉండగలిగితేనే వెళ్లండి. ఒక్కటి మాత్రం మర్చిపోను. వంటశాలలో పనిచేసే పక్క ఊరావిడ నేను ఫోన్లో అమ్మతో మాట్లాడటం విని, "మాదీ తెలుగే, ఇంట్లో ఇదే మాట్లాడతాం" అంది. తెలుగు చదవడం రాదు, వాళ్ల తాతలెప్పుడు అక్కడికి వచ్చారో తెలియదు. నన్ను కూచో అని, నాకు ముందు సాంబారు వడ్డించేది.

విదేశాల్లో ఇలా తిరుగుదామనుకునేవాళ్లకి ఒక మాట. చాలా దేశాలు బసనీ తిండినీ కూడా సంపాదన కిందే లెక్కేస్తాయి. టూరిస్టు వీసా మీద వెళ్లి హాస్టల్లో పనిచేస్తానని విమానాశ్రయంలో చెప్తే అక్కడినుంచే వెనక్కి పంపొచ్చు. ఆస్ట్రేలియా 2024లో మనవాళ్లకి కూడా పనిచేస్తూ తిరిగే వీసా తెరిచింది, 18 నుంచి 30 ఏళ్లవాళ్లకి, ఏడాదికి వెయ్యి, లాటరీ. అలాంటిది ఉంటే సరే.

మొన్న సంక్రాంతికి నర్సమ్మకి ఊరెళ్లేంత సెలవు దొరకలేదు. బెంగళూరు నుంచి రాత్రి రైలెక్కి మా ఇంటికొచ్చింది. భోగి ముందురోజు. అమ్మమ్మ దాన్ని ఎగాదిగా చూసి, కాఫీ ఇచ్చి, "పని వచ్చా?" అంది. తడిబియ్యం పిండి జల్లించి ఉంది, బెల్లం పాకం పొయ్యి మీద ఉంది. ఆ పిండి చూడగానే నర్సమ్మ మొహం వెలిగిపోయింది. వాళ్లకీ అదే రోజుల్లో మాఘ్ బిహూ, నానబెట్టిన బియ్యం దంచి నువ్వులూ బెల్లం కూరి పిఠాలు చేస్తారట. పాకంలో పిండి పోస్తూ ఉండకట్టకుండా కలపడం నాకంటే దానికే బాగా వచ్చింది. నూనెలోంచి తీసిన అరిసెల్ని చెక్కల మధ్య పెట్టి ఒత్తే పని కూడా దానికే అప్పజెప్పారు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే రాత్రి ఎనిమిదయింది.

"ఆరు గంటలు చేయించావే అమ్మమ్మా" అన్నాను.

"తిండి పెట్టడంలా?" అంది అమ్మమ్మ, దాని పళ్లెంలో ఇంకో అరిసె వేస్తూ.