మొహమాటం యాప్‌కి అప్పగించా
అరువు పుస్తకం పక్కన పెట్టి ఈ బాకీల యాప్ మొదలుపెట్టి ఆరు నెలలైంది. బాగా పనికొచ్చింది బాకీల వయసు చూపే పట్టిక: 30 రోజుల లోపు, 31–60, 61–90, ఆపైన. మొదటిసారి తెరిస్తే, నేను 'మంచి పార్టీ' అనుకున్నాయన పేరు చివరి గడిలో ఉంది! లెక్కల్లో లాభం కనిపిస్తున్నా చేతిలో డబ్బు ఎందుకు ఆడట్లేదో అప్పుడర్థమైంది. అరువు పరిమితి దాటితే బిల్లు ఆపేస్తుంది. 'ఇక ఇవ్వలేను' అనే మాట నా నోటితో చెప్పక్కర్లేదు.

ఒకటే చిరాకు. వచ్చిన సొమ్ము ఏ బిల్లుకో మనం ఎంచుకోకపోతే అడ్వాన్సు కింద వేసేస్తుంది, పాత బిల్లు బాకీగానే ఉండిపోతుంది. అలా డబ్బు కట్టేసినాయనకే 'బాకీ ఉంది' అని మెసేజ్ వెళ్లింది. ఫోన్ చేసి సారీ చెప్పుకున్నది మాత్రం నేను.