బంగారమా, వెండా? నల్లగొండ ల్యాబ్‌లో నానో కణాలకు ఏది మేలు

నాన్‌లీనియర్ ఆప్టిక్స్‌లో (కాంతి తీవ్రత పెరిగేకొద్దీ పదార్థం తీరు ఎలా మారుతుందో చూసే శాస్త్రం) ప్రాజెక్టు చేస్తామని వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు ముందుగా అడిగేది ఇదే: "సార్, వెండి చేయమంటారా, బంగారమా?" అంటే కంటికి కనపడనంత చిన్న లోహపు కణాలు, నానో కణాలు, దేనితో చేయాలని. నేను బంగారమే చేయమంటాను.

చాలామంది ధర చూసి భయపడతారు. లెక్క వేస్తే ఆ భయం నిలవదు. బంగారు కణాలకు ముడిసరుకైన గోల్డ్ క్లోరైడ్ ఒక గ్రాముతో మనకు కావలసిన పలుచని ద్రావణం రెండున్నర లీటర్ల దాకా వస్తుంది. కొలతకు వాడే ఒక మిల్లీమీటర్ క్యువెట్‌లో (ద్రావణం పోసే సన్నని గాజు పాత్ర) పట్టేది ఒక మిల్లీలీటరు కూడా ఉండదు. నలుగురు కలిసి కొంటే సరిపోతుంది. వెండికి వాడే సిల్వర్ నైట్రేట్ చవకే, కాదనను. వెండి కణాలు కాంతిని పట్టుకోవడంలో బంగారం కంటే గట్టివి కూడా.

అయితే మన నీళ్ల సంగతి చూడాలి. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, ఉప్పులూ ఎక్కువే. ఒకసారి బీకరును బోరు నీళ్లతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తొలవకుండా సిల్వర్ నైట్రేట్ పోశాం. తెల్లగా పాల విరుగుడులా అయింది. నీళ్లలోని క్లోరైడ్ వెండిని పట్టేసింది. ఆ రోజు పని అక్కడితో ఆగిపోయింది. బంగారానికీ ఉప్పు పడదు, కణాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. కానీ అది రంగుతో వెంటనే చెప్పేస్తుంది. మరుగుతున్న లేత పసుపు గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో, దాన్ని కణాలుగా మార్చే సిట్రేట్ పోస్తే ముందు నల్లబడి, కాసేపటికి దానిమ్మ గింజల ఎరుపు తేలుతుంది. ఉప్పు తగిలిందా, అదే నేరేడు రంగుకు తిరుగుతుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి గురువు లేదు.

రెండోది లేజర్. మనం కొలిచే పద్ధతి జెడ్-స్కాన్. అంటే లెన్స్ ఫోకస్‌కు అటూ ఇటూ నమూనాను జరుపుతూ, దాటి వచ్చే కాంతిని కొలవడం. షేక్-బహాయీ బృందం 1989-90లో చూపించిన పద్ధతి. ఎక్కువగా వాడేది 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్. చిన్న బంగారు కణాలు పీల్చుకునేది 520 దగ్గర, అంటే దాదాపు అక్కడే. అందుకే కాంతి పెరిగేకొద్దీ పీల్చుకోవడం తగ్గడం, ఇంకా పెంచితే మళ్లీ పెరగడం, రెండూ చూడొచ్చు. వెండిది 400 చుట్టుపక్కల, ఆకుపచ్చకు దూరం.

మన దగ్గరున్న మామూలు నిరంతర లేజర్‌తో గోడ మీద అందమైన వలయాలు వస్తాయి. వాటిని చూసి సంబరపడకండి. చాలావరకు అది ద్రావణం వేడెక్కడం వల్ల వచ్చేదే. ఎలక్ట్రాన్ల స్పందన కావాలంటే కాంతిని అతి చిన్న మెరుపులుగా పంపే పల్స్ లేజర్ ఉండాలి. దానికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోటికి, వంద కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. లేజర్ మీద మన వంతు రావడానికి వారాలు పట్టొచ్చు. అన్నాళ్లూ సీసాలో చెడకుండా ఉండేది బంగారమే. వెండి గాలికి, వెలుతురుకు మారిపోతుంది.

బస్సెక్కే ముందు రోజు స్పెక్ట్రమ్ (ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గీత) మరోసారి తీయండి. శిఖరం 520 నుంచి కుడివైపు జరిగి, వెడల్పైతే ఆ సీసా వద్దు, రాత్రికి రాత్రి కొత్తది కాయండి.