పిల్లల యాక్టింగ్ క్లాసులు, షూటింగ్ కోఆర్డినేషన్, రాజమండ్రి: 5కి రెండున్నర

నేర్పడానికి నాలుగు స్టార్లు, షూటింగులకి పంపడానికి ఒకటి, సగటు తీస్తే రెండున్నర, లెక్క అదండి. సంస్థ పేరు రాయట్లేదు, రాజమండ్రిలో ఈ పని చేసేవాళ్ళలో ఒకళ్ళు అనుకోండి చాలు. ఈమధ్య మన జిల్లాల్లో ఇవి బాగా పెరిగిపోయాయి, కాకినాడ, భీమవరం, అమలాపురం ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే, పిల్లల్ని చేర్పిద్దామా అని అడిగేవాళ్ళు కూడా ఎక్కువైపోయారు, ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పాప నా మేనకోడలు, నాలుగో తరగతి. మా అక్క కువైట్‌లో పనిచేస్తుంది (కోనసీమలో ఇది కొత్తేం కాదు కదా), పాప మా అమ్మ దగ్గరే పెరుగుతోంది కాబట్టి స్కూలుకి, ఆస్పత్రికి, ఈ క్లాసులకి అన్నిటికీ సంతకం పెట్టేది నేనే. స్కూల్ యానివర్సరీలో ఏకపాత్ర వేస్తే ఆ వీడియో ఎవరో వాట్సాప్‌లో తిప్పారు, అది చూసి ఈ సంస్థ వాళ్ళే ఫోన్ చేశారు. ఫీజు తక్కువేం కాదు, పోర్ట్‌ఫోలియో ఫోటోలకి మళ్ళీ వేరే.

క్లాసులకి మాత్రం వంక పెట్టలేను. నేర్పే మేడం నాటకాల మనిషి, పరిషత్తు పోటీల్లో ఆడినావిడ, ముందు గొంతు విప్పి మాట్లాడ్డం, ఎదుటివాళ్ళ డైలాగు పూర్తిగా వినడం నేర్పుతారు, ఎక్స్‌ప్రెషన్లు గట్రా తర్వాతే. హాలు తలుపు సగం గాజుది, బయట కుర్చీలేశారు, ఎప్పుడు తొంగి చూసినా ఏమీ అనరు. చిన్నపిల్లల్ని బాత్రూంకి తీసుకెళ్ళడానికి ఆయమ్మ ఉంది. ఎవరైనా ముట్టుకుంటే ఇబ్బందిగా అనిపిస్తే, వాళ్ళు డైరెక్టరైనా సరే, గట్టిగా వద్దు అని చెప్పాలని మొదట్లోనే పిల్లల చేత యాక్ట్ చేయించి మరీ నేర్పారు. మా పాప ఇంటికొచ్చి దాన్ని అమ్మమ్మ మీద ప్రాక్టీస్ చేసింది, జడెయ్యడానికి పిలిస్తే 'వద్దు, నాకు ఇష్టం లేదు' అని చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది, మా అమ్మకి ఏమనాలో తోచలేదు.

డాన్స్ మాస్టారు ఒకాయన ఉన్నారు, ఆయన ఏడెనిమిదేళ్ళ ఆడపిల్లల చేత ఐటం సాంగ్ వేయిద్దామని మొదలెడితే మేడం ఆపేశారు. 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రైవేటు ఛానళ్ళకి చెప్పింది కదా, డాన్స్ షోల్లో పిల్లల చేత పెద్దవాళ్ళ స్టెప్పులు, అసభ్యంగా ఉండేవి వేయించొద్దని, ఆవిడ ఆ సంగతే ఎత్తారు. అది టీవీ వాళ్ళకి మేడం, మన స్టేజీకి కాదు అని మాస్టారి వాదన. చూసేది టీవీలో ఐతే తప్పు, మన రాజమండ్రిలో ఐతే ఒప్పా మాస్టారూ అని పాట మార్పించేశారు. నాలుగు స్టార్లూ ఆవిడవే నిజానికి.

ఇంక పంపడం సంగతి. ఇక్కడ మేడం ఉండరు, కోఆర్డినేటర్ అని వేరే ఆయన చూస్తారు. చేరగానే ప్రతి పిల్లకీ ఒక ప్రొఫైల్ కార్డు చేశారు, ఫోటో, వయసు, ఎత్తు, ఊరు, స్కూలు పేరు, కింద నా ఫోన్ నంబరు. అది ఎవరెవరికి వెళ్తుందని అడిగితే మన కాస్టింగ్ గ్రూపులన్నిటిలో వేస్తామండి అన్నారు సంతోషంగా. ఇన్‌స్టాలో ఐతే యూనిఫాంలో ఉన్న రీల్, పైన ఊరి పేరుతో సహా. ఆ రీల్ కింద కామెంట్లు ఒకసారి కిందికి జరుపుకుంటూ చదివాను, తొమ్మిదేళ్ళ పిల్ల గురించి పెద్ద మగాళ్ళు రాసినవి, ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. కొన్నాళ్ళకి రాత్రి పది దాటాక ఒక ఫోన్, ఫలానా ప్రొడక్షన్ నుంచి అంటాడు, వీడియో కాల్‌లో లుక్ టెస్ట్ అట, పాప ఒక్కతే గదిలో ఉండాలట. తిట్టి పెట్టేశాను, పొద్దున్నే స్టేషన్‌కెళ్ళి ఆ నంబరిచ్చి వచ్చాను. కోఆర్డినేటర్‌కి చెప్తే ఆయన సమాధానం, 'ఫేక్ కాల్స్ వస్తుంటాయండి, పట్టించుకోకండి'. నంబరు మీ కార్డు మీద నుంచే కదండీ వెళ్ళింది అంటే అవతల సౌండ్ లేదు. ఇలాంటివి వస్తే 1098కి ఫోన్ చెయ్యొచ్చు, పిల్లల కోసమే ఉన్న నంబరు అది. పోక్సో చట్టం (2012) ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందనో జరగబోతోందనో తెలిస్తే రిపోర్ట్ చేసి తీరాలి, సంస్థలకీ అంతే, పట్టించుకోకండి అనడానికి వీల్లేదు.

తర్వాత షూటింగ్ వచ్చింది, ఒక వెబ్ సిరీస్. సఖినేటిపల్లి వైపు కొబ్బరితోటలో పొద్దున్న సీన్లు, మధ్యాహ్నం పంటు ఎక్కి నరసాపురంలో మిగతావి. కాల్ టైం పొద్దున్న ఆరు, మొదటి షాట్ పదకొండు తర్వాత. ఈ సంస్థ నుంచి ఏడుగురు పిల్లలు, తోడు వచ్చిన పెద్దవాళ్ళం నలుగురం, మిగతా ముగ్గురు పిల్లల్ని వ్యాన్‌లో వేసి పంపేశారు. కూర్చోడానికి ఒక టార్పాలిన్, బట్టలు మార్చుకోడానికి ఒక రైతు ఇంటి వెనక రెండు చీరలు కట్టిన మూల, ఆడపిల్లలకి బట్టలు సర్దుతున్నది కాస్ట్యూమ్స్ కుర్రాడు. వాడు మంచివాడే, చేతులు కట్టుకుని పక్కకి తిరిగి నిలబడేవాడు పాపం, కానీ ఆ చోట వాణ్ణి పెట్టడమేంటండి.

పిల్లలకి ఇక్కడ ఎవరండి బాధ్యులు అని అడిగాను. మేనేజర్ కో-డైరెక్టర్‌ని చూపించాడు, కో-డైరెక్టర్ మాకేం తెలీదండి కోఆర్డినేటర్‌ని అడగండి అన్నాడు, కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తే ఆయన రాజమండ్రిలో, 'మీరున్నారు కదా మావయ్యగారూ, ఇంకెవరు కావాలి' అని నవ్వు. నేనున్నది మా పాపకి. ఆ ముగ్గురికి? అందరూ ముద్దు చేసేవాళ్ళే, ఒకళ్ళు బిస్కెట్లు ఇస్తారు, ఒకళ్ళు బోండాం కొట్టిస్తారు, బాధ్యులు మాత్రం ఒక్కళ్ళూ లేరు.

ఇక్కడే రూల్స్ చెప్పాలి, ఎందుకంటే ఇది నా చాదస్తం అనుకుంటున్నారు చాలామంది. బాలకార్మిక చట్టం 2016లో సవరించినప్పుడు 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు అన్నారు, మినహాయింపుల్లో ఒకటి ఈ సినిమాలు, సీరియళ్ళు, యాడ్లలో నటించడం, అది కూడా చదువు దెబ్బతినకుండా (సర్కస్‌కి ఆ మినహాయింపు లేదు). 2017 రూల్స్‌లో షరతులు పెట్టారు. రోజుకి 5 గంటలకి మించకూడదు, రెస్ట్ లేకుండా 3 గంటలకి మించకూడదు, వరసగా 27 రోజులకి మించి పెట్టకూడదు. ఐదుగురు పిల్లలకి మించకుండా ఒక బాధ్యుణ్ణి పెట్టాలి, అంటే మా ఏడుగురికి ఇద్దరు ఉండాల్సింది. పిల్లకి ఇష్టం లేకుండా చేయించకూడదు. ప్రొడ్యూసర్ ఫారం సి అని ఒక హామీపత్రం ఇచ్చి, పిల్లల లిస్టు, పేరెంట్స్ అంగీకారం, బాధ్యుడి పేరు జతచేసి, షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర, అంటే కలెక్టర్ గారి దగ్గర, పర్మిషన్ తీసుకోవాలి. పిల్లలు చేసిన సినిమాకి, షూటింగ్‌లో వాళ్ళకి ఏ వేధింపూ లేకుండా చూసుకున్నాం అని ఒక డిస్‌క్లెయిమర్ కూడా వెయ్యాలి. ఇవి సినిమాలకే కాదు, డబ్బు తీసుకుని చేసే ఈవెంట్లకి కూడా, అంటే షాపింగ్ మాల్ ఓపెనింగులకి పిల్లల్ని తిప్పే బ్యాచులు కూడా వస్తాయి.

మా షూటింగ్‌లో ఇంకో తమాషా ఉంది చూడండి. సఖినేటిపల్లి కోనసీమ జిల్లా, కలెక్టరేట్ అమలాపురం. వశిష్ఠ దాటితే నరసాపురం, పశ్చిమగోదావరి, కలెక్టరేట్ భీమవరం. గోదారి దాటితే కలెక్టర్ మారిపోతారు, అక్కడ పర్మిషన్ అక్కడే తీసుకోవాలి. మేనేజర్‌ని కాగితం చూపించమంటే తోటలో షూటింగ్ చేసుకోడానికి పంచాయతీ ఇచ్చిన కాగితం చూపించాడు. ఇది తోటకండి, పిల్లలకి ఏది అంటే 'అలాంటివి హైదరాబాద్‌లో చూసుకుంటారు సార్' అని వెళ్ళిపోయాడు.

అసలు విషయం మధ్యాహ్నం జరిగింది. పాప ఏడ్చే షాట్. రెండు మూడు టేకులు తీశారు, పాపకి నవ్వొస్తోంది, ఎండ పోతోందని కెమెరామెన్ తొందర. ఒక అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు నా పక్కకి వచ్చి మెల్లిగా 'సార్, పాప వాళ్ళ అమ్మ కువైట్‌లో కదా, మీ అమ్మ ఇంక రాదంట అని ఒక్కమాట నేనంటాను, ఒక్క టేకులో ఓకే అయిపోద్ది' అన్నాడు. కోప్పడదామంటే వాడికి అందులో తప్పు ఉందనే తెలీదు, చాలా మామూలుగా, గొడుగు అడిగినట్టు అడిగాడు. వాళ్ళమ్మ సెలవుకి వచ్చి వెళ్ళి ఎన్నాళ్ళైందో, రోజూ రాత్రి వీడియో కాల్ కోసం ఆ పిల్ల ఎలా కూర్చుంటుందో నాకు తెలుసు. గ్లిజరిన్ లేదా మీ దగ్గర అన్నాను. ఉందట! మేకప్ పెట్టెలోనే ఉందట, రియల్‌గా ఉంటుందని ఇలా ట్రై చేద్దామనుకున్నారట. గ్లిజరిన్ పెట్టారు, షాట్ ఓకే అయింది. నేను లేకపోతే ఆ మాట అనేసేవాళ్ళు, వ్యాన్‌లో వచ్చిన ఆ ముగ్గురికీ ఎవరేం చెప్పారో నాకు తెలీదు.

వాళ్ళొక్కళ్ళనే అనను, పేరెంట్స్ కూడా తక్కువ తినలేదు. ఒకావిడ వాళ్ళబ్బాయికి ఒళ్ళు కాలిపోతుంటే సిరప్ పట్టించి మేకప్‌కి కూర్చోబెట్టింది, బాబు పడుకుంటానని ఏడుస్తుంటే ఈ ఒక్క షాట్‌రా బంగారం అని. ప్యాకప్ రాత్రి తొమ్మిది దాటింది. ఐదు గంటల రూల్ ఎత్తితే కోఆర్డినేటర్ లెక్క ఏంటంటే వెయిటింగ్ పని కింద రాదట, కెమెరా తిరిగిన టైమే పనట. ఆ లెక్కన హీరోలు కూడా రోజుకి గంటే పనిచేస్తారు.

డబ్బులు. పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి, మేజర్ అయ్యాక పిల్లకే వస్తుంది, ఇదీ ఆ 2017 రూల్సే. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఇలాంటి చట్టం 1939లోనే వచ్చింది, జాకీ కూగన్ అని మూకీల్లో పెద్ద పేరున్న బాలనటుడు, సంపాదించిందంతా తల్లీ సవతి తండ్రీ ఖర్చుపెట్టేస్తే కోర్టుకెక్కాడు, ఆ గొడవతో వచ్చింది. మాకు వచ్చింది చిన్న మొత్తమే, కమిషన్ పట్టుకుని మిగతాది నాకు ఫోన్‌పే చేశారు. ఎఫ్‌డీ ఏదండీ అంటే కోఆర్డినేటర్‌కి ఆ మాట వినడమే మొదటిసారి. నేను మా ఊరి బ్యాంకులో పాప పేరున వేసేశాను కానీ అది ప్రొడక్షన్ వాళ్ళు వెయ్యాల్సింది, నేను ఫోన్‌పే డబ్బులు వాడేసుకుంటే అడిగేవాడెవడు?

స్కూలు సంగతి కూడా, ఎఫ్‌ఏ పరీక్షల వారంలో రెండో షెడ్యూల్ పెట్టారు, నేను పంపలేదు, ఇంక మీ పాపని పిలవరండి అన్నారు. పిలవకపోతే మానేశారు.

ఇవన్నీ మెయిల్ రాసి మేడంకి కూడా కాపీ పెట్టాను. ఆవిడ వల్లేననుకుంటా, కొన్ని మారాయి. యూనిఫాం రీల్ తీసేశారు, ప్రొఫైల్ కార్డులో ఊరు, స్కూలు, పేరెంట్ నంబరు లేవు, ఆఫీసు నంబరు ఒక్కటే. తోడు లేకుండా పిల్లల్ని వ్యాన్‌లో పంపడం ఆపారు, రిటైరైన టీచరమ్మ ఒకావిణ్ణి పెట్టారు, లొకేషన్‌లో పిల్లల దగ్గరే ఉంటారు. ఈమధ్య ద్రాక్షారామం దగ్గర యాడ్ షూటింగ్‌కి ఆవిడే వచ్చారు, చీరలు కట్టిన మూల కాదు, గది అడిగి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు, సాయంత్రం అవగానే వాచీ చూపించి పిల్లల్ని లేపేశారు, కో-డైరెక్టర్ మొహం మాడ్చుకున్నాడు. ఒక స్టార్ కూడా ఇవ్వకూడదనుకున్నవాణ్ణి ఒకటి ఇచ్చింది ఆవిణ్ణి చూసే. ఫారం సి కాపీ మాత్రం ఇప్పటికీ చూపించలేదు, ఎఫ్‌డీ గురించి కనుక్కుంటాం అంటున్నారు, ఇంకా కనుక్కుంటూనే ఉన్నారు.

చేర్పించాలనుకుంటే క్లాసులకి నిస్సంకోచంగా చేర్పించండి, శని ఆదివారం బ్యాచ్ మేడందే. షూటింగ్‌కి అడిగితే ముందు లొకేషన్‌లో బాధ్యులెవరో పేరూ నంబరూ రాసిమ్మనండి, కలెక్టరేట్ పర్మిషన్ కాపీ అడగండి, ఇవ్వలేకపోతే ఎంత పెద్ద బ్యానరైనా పంపొద్దు. కోఆర్డినేటర్ మీరేదో లాయర్‌లా మాట్లాడుతున్నారండి అంటారు, అననివ్వండి. పోర్ట్‌ఫోలియో వాళ్ళ దగ్గరే తీయించుకోవాలని రూలేం లేదు, బయట స్టూడియోలో సగానికే అవుతుంది. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు, రసీదు మాత్రం అడిగితేనే ఇస్తారు.