కిందికి దించిన కారుకు ఏది మేలు: స్ప్రింగులా, కాయిలోవర్లా, స్ట్రట్ బారా?

కారు ఎత్తు తగ్గించాలనుకునేవారు ఏ కంపెనీ భాగం కొనాలా అని చూసే ముందు, ఎంత దించాలో లెక్క వేసుకోవాలి. మన ఉత్తరాంధ్ర వైపు ఎక్కువగా కనిపించే మారుతి స్విఫ్ట్‌నే తీసుకుందాం. దాని గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ, 163 మిల్లీమీటర్లు, ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం గల వంపుతో ఉండాలి. ముందు చక్రాలు అలాంటి వంపుకు ఒక పక్క, వెనుక చక్రాలు మరో పక్క ఉన్నప్పుడు నడిమి భాగం కారు అడుగుకు సుమారు 44 మిల్లీమీటర్లు దగ్గరగా వస్తుంది. అంటే మామూలు స్విఫ్ట్‌కు 119 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. 30 దించితే 89, 50 దించితే 69 మిగులుతాయి, ఐదుగురు ఎక్కితే అది కూడా తగ్గుతుంది.

ఇది ప్రమాణం పాటించిన చోట లెక్క. ఊళ్ల మొదట్లో తారునో సిమెంటునో కుప్పగా పోసి కట్టిన ఇరుకైన గట్ల దగ్గర వంపు సాయం ఏమాత్రం ఉండదు, గట్టు ఎత్తంతా కారు అడుగుకే వస్తుంది. 13 సెంటీమీటర్ల గట్టు మీద 30 మిల్లీమీటర్లు దించిన స్విఫ్ట్‌కు మిగిలేది 3 మిల్లీమీటర్లు. అందువల్ల పాలకొండ, రాజాం, బొబ్బిలి వైపు లోపలి రోడ్ల మీద రోజూ తిరిగే కారును 25 నుంచి 30 మిల్లీమీటర్లకు మించి దించకూడదని నా నిశ్చితాభిప్రాయం. రణస్థలం నుంచి నరసన్నపేట దాకా హైవే మీదే ఎక్కువగా నడిచే కారైతే 40 దాకా ఓర్చుకోవచ్చు.

ఇంతకు మించి దించకపోవడానికి రోడ్డుతో సంబంధం లేని కారణం ఒకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి నిలువుగా ఉండే అమరిక) ఉన్న కారులో, చక్రాన్ని కింద కారుకు కలిపి పట్టే లోయర్ ఆర్మ్ నేలకు దాదాపు సమాంతరంగా గానీ, చక్రం వైపు కాస్త కిందికి వాలి గానీ ఉండాలి. మరీ దించితే అది చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, కారు గరిమనాభి కంటే వేగంగా కిందికి జారిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరగడంతో, మలుపులో ఒరగకూడదని దించిన కారు అంతకుముందు కంటే ఎక్కువగా ఒరగజూస్తుంది, దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగులు వేయవలసి వస్తుంది.

ఇక భాగాల సంగతి. ఉన్న స్ప్రింగునే కోయించడాన్ని ఎంపికల లెక్కలోకే తీసుకోకూడదు. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడే మాట నిజమే గానీ, కోసిన కొన సీటులో, అంటే స్ప్రింగు ఆనే గిన్నెలో, సరిగా కూర్చోదు, చక్రం గోతిలోకి వేలాడినప్పుడు చోటు తప్పే ప్రమాదం ఉంటుంది. గ్యాస్ మంటతో కోస్తే ఉక్కు పదును కూడా చెడుతుంది.

లోయరింగ్ స్ప్రింగులను పాత షాక్ అబ్జార్బర్ల మీద వేయడం చవకైన మార్గం. అయితే పొట్టి స్ప్రింగుకు కదిలే చోటు తక్కువ కనుక దాన్ని గట్టిగా తయారు చేస్తారు, ఆ గట్టి స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని మెత్తని స్ప్రింగు కోసం అమర్చిన షాక్ పూర్తిగా అణచలేదు. ఫలితంగా గొయ్యి దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది, ఇప్పటికే లక్ష కిలోమీటర్లు తిరిగిన షాక్‌లైతే త్వరగా కారిపోతాయి. స్ప్రింగులకు సరిపడేలా తయారైన షాక్‌లతో కలిపి సెట్టుగా కొనడమే మన వైపు రోడ్లకు అన్నిటికంటే మేలు, డబ్బు చాలకపోతే ఇంకొన్ని నెలలు ఆగడం మంచిది.

కాయిలోవర్ అంటే స్ప్రింగు, షాక్ ఒకే భాగంగా, ఎత్తు మార్చే మరలతో వచ్చేది. దాని బలం ఎత్తు సర్దుకోగలగడం. కాయిలోవర్లలో స్ప్రింగు సీటును జరిపి దించే రకం, షాక్‌కు మిగిలిన కదలికను మింగేస్తుంది. అడుగు భాగాన్ని మరతో తిప్పి దించే రకం ఆ కదలికను కాపాడుతుంది, కొంటే రెండోదే కొనాలి. వాటి మరలు మాత్రం మన దగ్గర కష్టపడతాయి. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలి, ఉభాల (వరినాట్ల) రోజుల్లో ట్రాక్టర్ చక్రాలు రోడ్డెక్కించే బురద మరల్లో చేరితే అవి బిగుసుకుపోయి, సర్దుకునే సౌకర్యం కోసం పెట్టిన డబ్బు వృథా అవుతుంది. నెలకోసారి కడిగి, గ్రీజు పూసే ఓపిక ఉన్నవారికే ఇవి తగినవి.

బాడీని బిగించే బార్లలో రెండు రకాల మధ్యే అసలు పోటీ. మొదటిది స్ట్రట్ బారు. ముందు రెండు స్ట్రట్ టవర్లను (స్ట్రట్‌ల పై కొనలు బిగించి ఉండే బాడీ భాగాలను) పైన కలిపే ఈ బారు, మలుపులో వాటి మధ్య దూరం మారకుండా ఆపుతుంది. గట్టి స్ప్రింగులు వేసినప్పుడు ఆ టవర్ల మీద భారం పెరుగుతుంది కాబట్టి దానికి అర్థం ఉంది. చివర్లలో బోల్టు మీద తిరిగే కీళ్లున్న బారు కంటే ఒకే ముక్కగా ఉన్నది మేలు. రెండోది లోయర్ ఆర్మ్‌ల బిగింపులను కింద కలిపే బారు. సబ్ ఫ్రేమ్ (లోయర్ ఆర్మ్‌లు బిగించే, బాడీ కింది ఉక్కు చట్రం) ఉన్న కారులో ఆ పనిని సబ్ ఫ్రేమే చాలావరకు చేస్తోంది. పైగా ఈ బారు కారు అడుగున వేలాడి, మనం లెక్కపెట్టి కాపాడుకున్న మిల్లీమీటర్లనే తినేస్తుంది. దించిన కారుకు దీన్ని నేను సిఫార్సు చేయను. కీళ్ల దగ్గర ఉండే రబ్బరు బుష్‌లు అరిగిన కారుకు ఏ బారు వేసినా ప్రయోజనం కనిపించదు, కనుక ముందు బుష్‌లు మార్పించాలి.

వెనుక రెండు చక్రాలను కలిపే టార్షన్ బీమ్‌కు, ఒరుగుడును తగ్గించే యాంటీ రోల్ బారు అదనంగా వేస్తే ముందు చక్రాలు మలుపు బయటికి తోసుకుపోయే గుణం తగ్గుతుంది. సాలూరు దాటి కొరాపుట్ వైపు ఎక్కే ఘాట్‌లో ఎండిన రోడ్డు మీద అది హాయిగానే ఉంటుంది, వానలో మాత్రం వెనుక చక్రాలు పట్టు విడిచే అవకాశం పెరుగుతుంది. కుటుంబంతో తిరిగే కారుకు వద్దు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు లక్షణాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తుంది, 2019 సవరణలో చేరిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష లేదా రెండూ విధించే వీలు కల్పిస్తుంది. ఏమి మార్చదలిచినా ముందు రవాణా శాఖ కార్యాలయంలోను, బీమా కంపెనీ దగ్గరా అడిగి తెలుసుకోవాలి.

ఎత్తు మారగానే క్యాంబర్ (చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో వాలే కోణం), టో (చక్రాల ముందు కొనలు లోపలికో బయటికో తిరిగే కోణం) రెండూ మారతాయి కనుక కొన్ని రోజులు నడిపి స్ప్రింగులు సర్దుకున్నాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే టైర్ల లోపలి అంచు త్వరగా అరుగుతుంది. లోయర్ ఆర్మ్ బోల్టులను కారు జాకీ మీద ఉండగా చివరిదాకా బిగించనివ్వకండి. చక్రాలు నేల మీద నిలిచాకే బిగించాలి, ఎందుకంటే వేలాడే స్థితిలో బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది.