వెబ్‌సైట్ స్పీడ్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి: చీమకుర్తి నుంచి ఒక హెచ్చరిక

గ్రానైట్ వాళ్లు, రొయ్యల వాళ్లు, చీరల వాళ్లు, సరుకు ఫొటోలూ వీడియోలూ కేటలాగూ వెబ్‌సైట్‌లో పెట్టి అమ్ముకునే ఎవరైనా సరే, దయచేసి ఇది పూర్తిగా చదవండి. "మీ సైట్ స్లోగా ఉంది, ఫాస్ట్ చేసి పెడతాం" అని వచ్చినవాళ్లకు డబ్బు కట్టాక చదివితే ఉపయోగం ఉండదు. మాకు 38,000 రూపాయలు పోయాయి. డబ్బు మళ్లీ సంపాదించుకుంటాం. మళ్లీ తీయడానికి వీల్లేని వీడియోలు పోయాయి, ఆ బాధ మాత్రం తగ్గట్లేదు.

మాది చీమకుర్తి. అన్నయ్యా నేనూ కలిసి చిన్న కటింగ్, పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాం. రామతీర్థం వైపు క్వారీల్లో దొరికే బ్లాక్ గెలాక్సీయే మా ప్రధాన సరుకు. ఈ రాయి తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి, బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల. చుక్క ఎంత ఉంది, ఎంత దట్టంగా ఉంది, స్లాబ్ అంతా ఒకేలా పరుచుకుందా లేదా అన్నది చూసే రేటు మాట్లాడతారు. చుక్క కనపడకపోతే అది ఉత్త నల్లరాయి. మాకు జరిగిన నష్టమంతా ఈ చుక్క దగ్గరే జరిగింది.

పోయిన ఏడాది మా సైట్‌లో 64 పేజీల కేటలాగ్ పీడీఎఫ్, ఏడు వీడియోలు ఉండేవి. పీడీఎఫ్ 186 ఎంబీ. వీడియోలు ఫోన్‌లో 4కెలో తీసినవి, తీసినవి తీసినట్టే పెట్టాం. హైదరాబాద్ నుంచి ఒక బిల్డర్ ఫోన్ చేసి, "అన్నా, మీ కేటలాగ్ తిరుగుతానే ఉంది, తెరుచుకోవట్లేదు, వాట్సాప్‌లో పంపు" అన్నాడు. నెలలో అలాంటి ఫోన్లు మూడు నాలుగు వచ్చాయి. లెక్క వేస్తే అతని తప్పేం లేదు. సెకనుకు 10 మెగాబిట్ల నెట్ ఉన్నవాడికి 186 ఎంబీ దిగాలంటే రెండున్నర నిమిషాలు పడుతుంది. రాయి కొనేవాడు అంతసేపు ఆగడు, పక్క సైట్‌కి పోతాడు.

సరిగ్గా ఆ సమయంలోనే నెల్లూరులో ఆఫీసు ఉందని చెప్పిన ఒక సంస్థ వాళ్లు వచ్చారు. పేరు రాయను. ఇద్దరు కుర్రాళ్లు, మర్యాదగా మాట్లాడారు. ల్యాప్‌టాప్ తెరిచి మా సైట్‌ను, వేగానికి వందకు మార్కులిచ్చే గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెట్టి ఎర్ర సున్నా చుట్టిన మార్కు చూపించారు. "సార్, పది రోజుల్లో ఇది పచ్చగా మారుస్తాం. 90 దాటిస్తాం." 25,000 అడ్వాన్స్, పని అయ్యాక 13,000. ఒరిజినల్ ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లో ఇవ్వమన్నారు, ఇచ్చాం. తర్వాత మాకు స్థలం చాలక ఫోన్లలోవీ మెమరీ కార్డులోవీ తుడిచేశాం. వాళ్ల దగ్గర ఉన్నాయి కదా అనుకున్నాం. ఆ ఒక్క పని చేయకుండా ఉండాల్సింది.

పదకొండో రోజు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వచ్చింది. పచ్చటి సున్నాలో 96. కేటలాగ్ 9 ఎంబీకి తగ్గింది. ఫోన్‌లో తెరిచి చూస్తే గబుక్కున వచ్చింది. సంతోషంగా వాట్సాప్‌లో బొటనవేలు పైకెత్తిన గుర్తు పెట్టి మిగతా 13,000 కూడా పంపేశాను.

మూడు వారాల తర్వాత అదే బిల్డర్ ఫోన్. "అన్నా, నీ దగ్గర గెలాక్సీ అయిపోయిందా? సైట్‌లో అన్నీ ప్లెయిన్ బ్లాక్ పెట్టావేంటి?"

నాకు అర్థం కాలేదు. ల్యాప్‌టాప్ తీసుకుని యార్డులోకి వెళ్లాను. కేటలాగ్‌లో ఉన్న స్లాబే ఒకటి స్టాండు మీద ఇంకా అమ్ముడుపోకుండా ఉంది. మగ్గుతో నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడిచాను, తడిస్తేనే చుక్క బాగా పైకి తేలుతుంది. ఎండలో ఆ స్లాబ్ మెరుస్తోంది. పక్కనే తెర మీద అదే స్లాబ్ ఫొటోను పెద్దది చేసి చూశాను. చుక్కలు లేవు. చుక్క ఉండాల్సిన చోట గోధుమ రంగు మరక, దాని చుట్టూ గళ్లు గళ్లుగా బూడిద రంగు. మసిబట్టతో తుడిచినట్టుంది. వీడియో ఇంకా ఘోరం. కెమెరా ఒకచోట నిలిచినంతసేపు ఏదో కాస్త కనిపిస్తాయి, కెమెరా పక్కకు కదిలిందో చుక్కలన్నీ కరిగిపోయి నల్లగా అయిపోతుంది. మూడు వారాలు మా సైట్ చూసినవాళ్లందరికీ మేం చూపించింది ఇదీ.

అన్న కొడుకు ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆదివారం ఇంటికొచ్చినప్పుడు వాడికి చూపించాను. గంటసేపు చూసి, "బాబాయ్, వీళ్లు ఫాస్ట్ చేయలేదు, నలిపేశారు. రెండూ వేరు" అన్నాడు. వాడు చూపించినవన్నీ మీరు కూడా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 96. స్క్రీన్‌షాట్ పైన ఏ పేజీని పరీక్షించారో అడ్రస్ ఉంటుంది. వాళ్లు పరీక్షించింది మా కాంటాక్ట్ పేజీని. అందులో ఫోన్ నంబరూ చిరునామా తప్ప ఏమీ లేవు. పైగా అది డెస్క్‌టాప్ మార్కు. ఆ టూల్ మొబైల్‌కు వేరుగా, డెస్క్‌టాప్‌కు వేరుగా మార్కు ఇస్తుంది. మొబైల్ మార్కును నెమ్మదైన నెట్, మామూలు ఫోన్ ఉన్నట్టు అనుకుని లెక్కేస్తుంది కాబట్టి అది ఎప్పుడూ కఠినంగానే ఉంటుంది. మన కొనుగోలుదారులు చూసేది ఫోన్‌లోనే. మా వీడియోల పేజీని మొబైల్‌లో పరీక్షిస్తే 31 వచ్చింది, డబ్బు కట్టిన తర్వాత కూడా. పేజీ తెరవగానే ఏడు వీడియోలూ ఒకేసారి దిగడం మొదలుపెడుతున్నాయి, ఎవరూ నొక్కకుండానే. అసలు బరువు అక్కడుంటే దాన్ని ముట్టుకోలేదు.

తర్వాత పీడీఎఫ్. అక్రోబాట్ రీడర్‌లో ఫైల్ తెరిచి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే కింద ఫాస్ట్ వెబ్ వ్యూ అని ఒక వరుస ఉంటుంది, ఎదురుగా ఎస్ అనో నో అనో. ఎస్ ఉంటే, సర్వర్ కూడా ఫైల్‌ను ముక్కలుగా పంపగలిగితే, మొత్తం దిగకముందే మొదటి పేజీ కనిపిస్తుంది. చదివేవాడు మొదటి పేజీ చూస్తుండగా మిగతాది వెనక దిగుతుంటుంది. ఫైల్ లోపలి సమాచారాన్ని ఆ క్రమంలో సర్దడమే తప్ప ఫొటో నాణ్యత చుక్క కూడా తగ్గదు. క్యూపీడీఎఫ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అర నిమిషం పని. మా ఫైల్‌లో నో అని ఉంది. అంటే మేం డబ్బు కట్టిన అసలు పనే జరగలేదు, బొమ్మలు మాత్రం పాడయ్యాయి.

అదే ప్రాపర్టీస్‌లో ప్రొడ్యూసర్ అని ఇంకో వరుస ఉంటుంది, ఆ ఫైల్ ఏ ప్రోగ్రామ్‌తో తయారైందో చెబుతుంది. మాదాంట్లో ఇంటర్నెట్‌లో ఎవరైనా వాడుకునే ఒక ఉచిత కంప్రెస్ సైట్ పేరుంది. ఇది చూసి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. ఎందుకంటే మేమిచ్చిన హార్డ్ డిస్క్‌లో డీలర్ రేట్ల పీడీఎఫ్ కూడా ఉంది. దాని ప్రొడ్యూసర్ కూడా అదే. మా లోపలి రేట్లను, మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా, ఎవరిదో సర్వర్‌కు ఎక్కించారు.

ఇంకొకటి. పాత కేటలాగ్‌లో బ్లాక్ నంబర్ వెతికితే దొరికేది. కొత్తదాంట్లో దొరకదు. పేజీ పేజీనంతా ఒక ఫొటోగా మార్చేశారు, అక్షరాలు కూడా బొమ్మలైపోయాయి. డీలర్లు నంబర్ కొట్టి వెతుక్కుంటారు, వాళ్లకది ఎంత ఇబ్బందో మన వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మీ పీడీఎఫ్‌లో ఒక పదాన్ని వేలితో ఎంచుకోవడానికి ప్రయత్నించండి. ఎంపిక కాకపోతే మీకూ ఇదే చేశారని అర్థం.

వీడియోల సంగతి చెబుతాను. ఎంపీ4 ఫైల్‌లో ఒక సూచిక ఉంటుంది, పుస్తకంలో విషయసూచిక లాంటిది. ఏ సెకను బొమ్మ ఫైల్‌లో ఎక్కడుందో అది చెబుతుంది. ఫోన్‌లో తీసిన వీడియోల్లో మామూలుగా అది చివర్లో పడుతుంది. బ్రౌజర్‌కు అది దొరికేదాకా వీడియో మొదలవ్వదు, సర్వర్ ముక్కలుగా పంపలేనిదైతే ఫైలంతా దిగేదాకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ సూచికను ముందుకు తెస్తే చాలు, మళ్లీ నలపకుండానే వీడియో త్వరగా మొదలవుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వెబ్ ఆప్టిమైజ్డ్ అనే చిన్న గడి ఉంటుంది, అందులో టిక్ పెడితే ఫైల్ తయారయ్యేటప్పుడే ఈ పని అయిపోతుంది. మా ఏడు వీడియోల్లో ఒక్కదానికీ చేయలేదు. 340 ఎంబీ క్లిప్‌ను 6 ఎంబీ చేశారు, చుక్కలు చంపారు, అయినా నొక్కాక ఆగి ఆగి మొదలవుతుంది.

నేను ఫోన్ చేసి అడిగితే మొదటి మాట, "మీరే అప్రూవ్ చేశారు కదా సార్." ఆ బొటనవేలి గుర్తు చూపించారు. సరే, ఒరిజినల్స్ ఇవ్వండి, మేమే చేసుకుంటాం అంటే రెండు వారాలు రేపు, ఎల్లుండి. చివరికి హార్డ్ డిస్క్ తిరిగొచ్చింది, అందులో ఉన్నవి నలిపిన ఫైళ్లే. అసలు వాటి మీదే సేవ్ చేసేశారు. ఆ ఏడింటిలో నాలుగు బ్లాకుల స్లాబులు అమ్ముడై ఓడెక్కి వెళ్లిపోయాయి. వాటిని ఇప్పుడు ఎక్కడికి వెళ్లి తీయాలి? అంత పెద్ద చుక్క, అంత సమంగా పడిన బ్లాకు మాకు పదేళ్లలో ఒక్కసారి దొరికింది. "మేం ఇలాంటి సరుకు ఇచ్చాం" అని కొత్తవాళ్లకు చూపించుకోవడానికి ఉన్న ఒకే సాక్ష్యం ఆ వీడియో.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం తీసుకున్న సేవ అయితే మనల్ని వినియోగదారుడిగా లెక్కించరు, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొని వాడుకునే వస్తువులకు మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి బిల్లు, వాట్సాప్ మాటలు, ఏం చేస్తామన్నారో రాతలో ఉన్న కాగితం దగ్గర పెట్టుకోండి. మా దగ్గర రాతలో ఉన్నది "స్పీడ్ ఆప్టిమైజేషన్" అనే రెండే మాటలు. వాటితో ఎవరినీ నిలదీయలేం.

అన్న కొడుకు రెండు ఆదివారాలు కూర్చుని మళ్లీ చేశాడు. కేటలాగ్ డిజైన్ చేసిన ఒంగోలు కుర్రాడి దగ్గర అదృష్టం కొద్దీ అసలు డిజైన్ ఫైల్ ఉంది. ఫొటోలు అచ్చుకోసం అంగుళానికి 300 పిక్సెళ్లతో ఉన్నాయి, తెరకు 150 సరిపోతుందని తగ్గించాడు. అక్షరాలను అక్షరాలుగానే ఉంచాడు. 64 పేజీలను ఒకే ముద్దగా పెట్టకుండా రాయి రకాన్ని బట్టి ఐదు పీడీఎఫ్‌లు చేశాడు, ఒక్కోటి 6 నుంచి 9 ఎంబీ. గెలాక్సీ కావాల్సినవాడు గెలాక్సీ మాత్రమే దించుకుంటాడు. అన్నిటికీ ఫాస్ట్ వెబ్ వ్యూ ఎస్.

మిగిలిన మూడు బ్లాకుల వీడియోలు మళ్లీ తీశాం. ఈసారి స్టాండు మీద ఫోన్ పెట్టి, చేత్తో ఊపకుండా, నెమ్మదిగా, ఒక్కోటి 40 సెకన్లు. కెమెరా ఊగితే ప్రతి ఫ్రేమూ కొత్తగా ఉంటుంది, ఫైల్ బరువెక్కుతుంది, తగ్గించబోతే మొదట పోయేది సన్నటి చుక్కలే. 1080పీ సైజులో, ఎక్కువ బ్రౌజర్లలో ఆడే హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌లోకి మార్చాడు. హ్యాండ్‌బ్రేక్‌లో నాణ్యత అంకె ఎంత తగ్గితే బొమ్మ అంత బాగుంటుంది. మామూలుగా అది ఇచ్చే 22లో చుక్క మసకబారింది, 19 పెడితే నిలిచింది. ఒక్కో క్లిప్ 35 ఎంబీ దాకా వచ్చింది. వాళ్ల 6 కన్నా ఎక్కువే, కానీ నొక్కేదాకా ఏదీ దిగకుండా, పైన ఒక ఫొటో మాత్రం కనిపించేలా పెట్టాడు. అందుకే పేజీ వెంటనే వస్తుంది. ఖర్చు, వాడికి నేను కొనిచ్చిన బిర్యానీ.

మీరెవరికైనా ఈ పని ఇస్తుంటే ఒరిజినల్స్ కాపీ మాత్రమే ఇవ్వండి, అసలువి రెండు చోట్ల ఉంచుకోండి. మొత్తం చేయకముందే ఒక్క పీడీఎఫ్, ఒక్క వీడియో చేసి చూపించమనండి. దాన్ని మీ ఫోన్‌లో, వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో తెరవండి, వాళ్ల ల్యాప్‌టాప్‌లో కాదు. తెరుచుకున్నాక రెండు వేళ్లతో పెద్దది చేసి, సరుకులో ఏది చూసి కొంటారో అక్కడే చూడండి. రాయికి చుక్క, చీరకు జరీ, రొయ్యకు పెంకు మీది గీత. ఏ పేజీకి, మొబైల్‌లో ఎంత మార్కు తెస్తారో, ఫైళ్లు ఏ ప్రోగ్రామ్‌తో చేస్తారో రాయించుకోండి. రేట్ల కాగితాలు వాళ్ల చేతికి అసలు ఇవ్వొద్దు.

ఒక సహాయం కూడా అడగాలి. పోయిన ఏడాది మా యార్డుకు వచ్చిన కొనుగోలుదారులు చాలామంది సొంత ఫోన్లలో స్లాబుల వీడియోలు తీసుకున్నారు. ఆ పెద్ద చుక్క బ్లాకు క్లిప్ మీలో ఎవరి ఫోన్‌లోనైనా ఇంకా ఉంటే పంపండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా జత చేసి పంపండి, లేకపోతే అది కూడా నలిగి వస్తుంది.