కాలువ మీదికొచ్చిన భవన సముదాయం: ప్రణాళిక పరిశీలన సేవ ఎలా ఉంది?

నెల్లూరు శివారులో ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు ఒకేచోట కట్టే పెద్ద ప్రతిపాదనపై అభ్యంతరాలు తీసుకుంటున్నారని తెలిసి, గడువు ముగియకముందే సంబంధిత కార్యాలయానికి వెళ్లాను. అక్కడి సర్వేయరు గారు పటాన్ని బల్లపై పరచి, సర్వే నంబర్లను ఒక్కొక్కటిగా వేలితో చూపుతూ అరగంట ఓపికగా వివరించారు. అయితే మా పొలాలకు నీరిచ్చే పంట కాలువ ఆ పటంలో పార్కింగు స్థలం అంచుదాకా నీలిగీతగా వచ్చి, అక్కడితో ఆగిపోయింది. దిగువ మాగాణికి నీరెలా చేరుతుందని అడిగితే, అది నీటిపారుదల వారి విషయమన్నారు. 2021 నవంబరులో పెన్నా వరద చూసిన జిల్లాలో ఈ జవాబు చాలదు.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసినా, భవన సముదాయాలను ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది కనుక, రైతుకు ఈ బల్ల దగ్గర దొరికే అవకాశం ఎంతో విలువైనది. అలాంటి చోట పత్రాలన్నీ ఇంగ్లీషులోనే ఉంచడం అన్యాయం. అర్జీకి రసీదు మాత్రం వెంటనే ఇచ్చారు. ఐదుకు మూడు ఇస్తున్నాను. వెళ్లేవారు తమ పొలం ఎఫ్‌ఎంబీ (కొలతలు, హద్దులు చూపే సర్వే పటం) నకలు వెంట తీసుకెళ్లండి. కాలువ హద్దులను పటంతో పోల్చి చూపడానికి నాకు అదే పనికొచ్చింది.