మద్దిలపాలెం దగ్గర ఎంఎంఏ జిమ్‌లో ఆరు నెలలు: మామూలు బ్యాచ్ ఓకే, "ప్రో ట్రాక్" మాత్రం ఆలోచించుకోండి

ఎంఎంఏ అంటే గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఫైటింగ్. ఈ జిమ్ పేరు రాయను. మా తమ్ముడు ఇంకా అక్కడే ప్రాక్టీస్ చేస్తున్నాడు, నేను రాసినదానికి వాడి ముక్కు పగిలితే అమ్మకి జవాబు చెప్పుకోవాల్సింది నేనే. విశాఖలో మద్దిలపాలెం చుట్టుపక్కల, రెండో అంతస్తు, మెట్ల దగ్గర రష్యా ఎంఎంఏ చాంపియన్ ఖబీబ్ ఫ్లెక్సీ, దాని కింద "ప్రొఫెషనల్ ఫైటర్ అవ్వండి" అని పసుపు అక్షరాలు. ఇంతకన్నా గుర్తులు చెప్పను.

వాడికి 19 ఏళ్ళు, బీటెక్ రెండో సంవత్సరం. నాది పరవాడలో ఫార్మా ఉద్యోగం, షిఫ్టులు. ఓ రాత్రి అన్నాల దగ్గర వాడు "నేను ఎంఎంఏలోకి వెళ్తాను, ప్రో ఫైటర్ అవుతాను" అని ప్రకటించాడు. నాన్న చారు కలుపుకుంటూ తల కూడా ఎత్తకుండా "ఎన్నేళ్ళ కోర్సది?" అన్నారు. అందరం నవ్వాం గానీ ఈ జిమ్ దాన్ని నిజంగానే ఆరు నెలల కోర్సుగా అమ్ముతోంది. మామూలు బ్యాచ్ నెలకి 2,500. ప్రో ట్రాక్ ఆరు నెలలకి 36,000, అదీ ఒకేసారి. వాడికి ప్రో ట్రాక్ నా కార్డు మీద ఈఎంఐ పెట్టి కట్టాను. ఎలాగూ వస్తున్నాను కదా, పొట్ట తగ్గుతుందని నేను మామూలు బ్యాచ్‌లో చేరాను.

ముందు మంచి చెప్తాను. కోచ్ బంగారం. విజయనగరం వైపు మనిషి, ఒకప్పుడు కుస్తీ, తర్వాత కొన్ని ఫైట్లు, మోకాలు దెబ్బతిని ఆగిపోయాడు. మొదటి నెల పంచ్ వేయనివ్వలేదు. పడటం, పడ్డాక లేవడం, కాళ్ళు పట్టుకోడానికి వచ్చినవాడి మీద బరువేసి నడుం వెనక్కి విసరడం, ఇవే. "కొట్టడానికేటి బాబూ, ఎవుడైనా కొడతాడు, కింద పడ్డాక ఊపిరి తీసుకోడం నేర్చుకో ముందు" అంటాడు. ఆ మాట విలువ నాకు ఆరో వారంలో తెలిసింది. 82 కిలోల నన్ను 55 కిలోల అమ్మాయి, ఏయూలో పీజీ చదువుతోందట, వెనక నుంచి మెడ పట్టేసింది. గొంతు నొప్పేస్తుందనుకున్నాను, అస్సలు లేదు. మోచేతి మడత సరిగ్గా గడ్డం కింద కూర్చుంది, మెడకి రెండు పక్కలా రక్తనాళాలు నొక్కుకున్నాయి, చెవుల్లో సముద్రం హోరు మొదలైంది, ట్యూబ్‌లైట్ చుట్టూ అంచులు నల్లబడ్డాయి. ఆమె చేతి మీద రెండుసార్లు తట్టాను, అంటే ఓడిపోయాను వదిలేయమని, వెంటనే వదిలేసి "బాగున్నారా అన్నయ్యా" అని అడిగింది. యూఎఫ్‌సీ అంటే అమెరికా వాళ్ళ పెద్ద ఎంఎంఏ పోటీ, మొదటిది 1993 నవంబరులో డెన్వర్‌లో జరిగింది, అందులో రాయిస్ గ్రేసీ అనే 80 కిలోల బక్క మనిషి తనకంటే పెద్దవాళ్ళని పట్లతోనే లొంగదీశాడంటే ఏమిటో అనుకునేవాణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నాను.

తట్టినా వదలనివాణ్ణి కోచ్ ఆ రోజుకి ఇంటికి పంపేస్తాడు. గట్టి స్పారింగ్, అంటే ఒకరితో ఒకరు ప్రాక్టీసు ఫైట్, వారానికి ఒక్కరోజే. తలకి దెబ్బ తగిలి కళ్ళు తిరుగుతున్నాయన్నవాడికి నెల రోజులు స్పారింగ్ బంద్. అమెరికాలో అయితే నాకౌట్ అయినవాడికి ఫైట్లని పర్యవేక్షించే కమిషన్ వాళ్ళు మెడికల్ సస్పెన్షన్ వేస్తారు, అంటే కొన్నాళ్ళు ఆడనివ్వరు, ఇక్కడ మనకి కమిషన్ ఎక్కడిది, అన్నీ ఈయనే. ఈ ఒక్క విషయానికే నేను మామూలు బ్యాచ్‌ని ఎవరికైనా చెప్తాను.

ఇక మ్యాట్లు. మే నెల విశాఖ ఉక్కపోతలో రెండు స్టాండు ఫ్యాన్లు, కిటికీలకి ప్లైవుడ్ కొట్టేశారు, 30 మంది చెమట ఒకే మ్యాట్ మీద. తుడిచేది వారానికోసారి. రెండో నెలలో నా మెడ మీద రూపాయి బిళ్ళంత గుండ్రంగా తామర వచ్చింది, డాక్టర్ చూడగానే "కుస్తీ ఆడతారా?" అని అడిగింది. మూడు వారాలు వెళ్ళలేదు, ఆ ఫీజు పోయింది. ఓనర్‌కి చెప్తే "అందరికీ వస్తుంది సర్, అలవాటైపోతుంది" అన్నాడు. తామర అలవాటవడం ఏమిటండీ! మేం నలుగురం కలిసి గొడవ చేశాక ఇప్పుడు రోజూ రాత్రి మందు నీళ్ళతో తుడుస్తున్నారు. మీరు వెళ్తే ఇంటికొచ్చిన వెంటనే స్నానం చేయండి, తువ్వాలు ఎవరికీ ఇవ్వకండి.

ప్రో ట్రాక్ విషయానికొస్తే, చేరేటప్పుడు చెప్పినవి నాలుగు: డైట్ చార్ట్, వీడియో చూసి తప్పులు చెప్పడం, రెండు అమెచ్యూర్ ఫైట్లు, "కెరీర్ సపోర్ట్". డైట్ చార్ట్ అని వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది, అందులో అవకాడో, కీన్వా, సాల్మన్. అమ్మ చదివించుకుని విని, ఫిషింగ్ హార్బర్ నుంచి కవళ్ళు, కానాగంతలు తెప్పించి పులుసు పెట్టింది. కోచ్‌కి చెప్తే అదే మేలన్నాడు. (మౌత్‌గార్డ్ కథ కూడా చెప్పాలి. దాన్ని వేడినీళ్ళలో మెత్తబరిచి నోట్లో పెట్టుకుని కొరికితే పళ్ళ అచ్చు పడుతుంది. వీడు పాలగిన్నెలో మరిగించాడు. ఆ గిన్నె ఇప్పుడు వీడి సొంతం, అమ్మ ముట్టుకోదు.) వీడియో చూసింది ఒక్కసారి.

మొదటి ఫైట్‌కి బరువు చూసే రోజున అవతలివాడు రాలేదు. రెండోది వేరే రాష్ట్రంలో, స్లీపర్ క్లాసులో రాత్రంతా ప్రయాణం, టికెట్టు మాది, లాడ్జి మాది, రక్త పరీక్షల ఖర్చు మాది. మూడు నిమిషాల రౌండ్లు మూడు ఆడాడు, మొదటి రౌండ్ బాగా కొట్టాడు, రెండులో కింద పడి లేవలేకపోయాడు, జడ్జీల లెక్కలో ఓడిపోయాడు. ఒక మెడల్, ఒక సర్టిఫికెట్. డబ్బులేం రావు, అమెచ్యూర్ కదా. ఆ రాత్రి లాడ్జిలో వాడు వాచిన కన్ను మీద చల్లటి వాటర్ ప్యాకెట్ పెట్టుకుని నిద్రపోకుండా ఫోన్‌లో ఆ రెండో రౌండే పదే పదే చూశాడు. నేను పడుకున్నట్టు నటించాను.

ఆ ఫైట్‌కి ముందు బరువు గురించి ఇంట్లో యుద్ధం జరిగింది. వీడు 76 కిలోలు, ఆడాలనుకున్న లైట్‌వెయిట్ విభాగంలో 70.3 దాటకూడదు. ఇంటర్నెట్‌లో చూసి నీళ్ళు మానేసి ప్లాస్టిక్ సూట్ వేసుకుని పరిగెడతానన్నాడు. కోచ్ ఆ సూట్ లాక్కుని, 2015 డిసెంబరులో మనీలాలో ఫైట్‌కి ముందు బరువు తగ్గించుకుంటూ చనిపోయిన యాంగ్ జియాన్ బింగ్ అనే చైనా కుర్రాడి గురించి చెప్పాడు. 21 ఏళ్ళు. దాని తర్వాతే ఆ ఫైట్ పెట్టిన వన్ చాంపియన్‌షిప్ సంస్థ వాళ్ళు ఒంట్లో నీళ్ళు తగ్గించి బరువు కోసుకోవడాన్ని నిషేధించారు. వీణ్ణి 77 కిలోల విభాగంలోనే ఆడించాడు. ప్యాకేజీలో లేనిది, డబ్బు పెట్టి కొనలేనిది ఇది.

"కెరీర్ సపోర్ట్" కూడా చివరికి ఆయన దగ్గరే దొరికింది, అదీ బీచ్‌లో. పొద్దున్న ఆర్కే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే టైములో ఇసుకలో పరుగులు పెట్టిస్తాడు. ఓ ఆదివారం పరుగులయ్యాక ఇసుకలోనే కూర్చోబెట్టి మా తమ్ముణ్ణి "యూఎఫ్‌సీలో ఆడిన మనోళ్ళ పేర్లు చెప్పు" అన్నాడు. వాడికి ఖబీబ్ రికార్డు కంఠతా వచ్చు, 29 గెలుపులు, ఓటమి లేదు, 2020 అక్టోబరులో రిటైర్మెంట్. మనవాళ్ళ దగ్గర తడబడ్డాడు. ఆయనే చెప్పాడు. భరత్ ఖందారే, 2017 నవంబరు, షాంఘై, యూఎఫ్‌సీలో దిగిన మొదటి భారతీయుడు, తొలి రౌండ్‌లోనే సాంగ్ యాడాంగ్ మెడ పట్టుకి దొరికిపోయాడు. అన్షుల్ జుబ్లీ, ఉత్తరాఖండ్ కుర్రాడు, రోడ్ టు యూఎఫ్‌సీ టోర్నీ గెలిచి 2023 ఫిబ్రవరిలో కాంట్రాక్టు సంపాదించాడు. అదే ఏడాది అక్టోబరులో అబుధాబిలో మూడో రౌండ్‌లో నాకౌట్, మొదటి ఓటమి. మళ్ళీ రింగులోకి దిగింది 2025 ఫిబ్రవరి, సిడ్నీ, 19 సెకన్లలో ఓడిపోయాడు. సిరిపురం సిగ్నల్ దగ్గర ఎర్రలైటు కూడా అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది. నిజానికి నన్ను ఆ 19 సెకన్లకంటే మధ్యలో పోయిన పదహారు నెలలే ఎక్కువ భయపెట్టాయి. ప్రో ఫైటర్‌కి జీతం ఉండదు. దిగితే ఇంత, గెలిస్తే మళ్ళీ అంత, ఎక్కువ కాంట్రాక్టులు ఇలాగే ఉంటాయి, దిగకపోతే ఏమీ లేదు. వచ్చినదాంట్లో కోచ్‌కి, మేనేజర్‌కి, పన్నుకి పోవాలి. ఆ నెలల్లో ఇంటద్దె ఎవరు కడతారు? నా ఈఎంఐ గుర్తొచ్చింది.

పూజా తోమర్ సంగతీ చెప్పాడు, ముజఫర్‌నగర్ వైపు అమ్మాయి, వూషూ అనే చైనా యుద్ధకళ నుంచి వచ్చింది, 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ. అదీ ఇద్దరు జడ్జీలు ఇటు, ఒకరు అటు. "దారి లేదని నేనన్ను నాన్నా, ఆరు నెల్ల దారి మాత్రం కాదు" అన్నాడు. ఇందాక నాన్న అడిగినదానికి జవాబు ఇదే అనుకుంటాను, ఇంటికొచ్చి చెప్తే "డిగ్రీ అవ్వనీ మరి" అన్నారు.

ఫ్లెక్సీ మీద ఖబీబ్ బదులు వీళ్ళ బొమ్మలు, రికార్డులతో సహా వేయమని ఓనర్‌కి సలహా ఇచ్చాను. అడ్మిషన్లు రావన్నాడు. ఆడని ఆ మొదటి ఫైట్‌కి డబ్బు వెనక్కివ్వమంటే కుదరదన్నాడు, నాలుగుసార్లు తిరిగాక రెండు నెలల ఫీజు సర్దాడు.

నా లెక్కలో మామూలు బ్యాచ్‌కి ఐదుకి నాలుగు, ఆ ఒక్కటీ మ్యాట్లకి కోసేశాను. ప్రో ట్రాక్‌కి రెండు, ఆ రెండూ కోచ్‌వే, ఆయన మామూలు బ్యాచ్‌లో కూడా ఉంటాడు కాబట్టి ఆ 36,000 పెట్టక్కర్లేదు. తమ్ముడు ఇప్పుడు నాతో పాటు 2,500 బ్యాచ్‌లోనే ఉన్నాడు, ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్, కింద నుంచి లేవడం మాత్రం బాగా మెరుగైంది. నా పొట్ట నాలుగు కిలోలు తగ్గింది.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం ఏడింటి బ్యాచ్‌కి వెళ్ళండి, ఆరింటిది కిక్కిరిసి ఉంటుంది. గ్లవ్స్ వాళ్ళ దగ్గర కొనకండి, ఆన్‌లైన్‌లో ఏడు వందలు తక్కువ. బండి మాత్రం ఎదురు సందులో పెట్టండి, ముందు పెడితే కింద షాపువాళ్ళు గాలి తీసేస్తున్నారు.